మోడల్ రైల్వేలో పెద్దవాళ్ళకు అంత ఇష్టమేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

గుండ్రంగా తిరిగే రైలును చూస్తూ కూర్చుంటే విసుగు రాదా?

వస్తుంది. అలా తిరగడం తప్ప ఇంకేమీ చేయని రైలు ఎవరికైనా పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుంది. కొత్తగా మొదలుపెట్టి మానేసేవాళ్ళు చాలావరకు మానేసేది ఆ దశలోనే. పెద్దవాళ్ళను ఏళ్ళ తరబడి పట్టి ఉంచేది పని చేసే రైల్వే. అంటే బొగ్గు వ్యాగనుకు వెళ్ళాల్సిన చోటొకటి ఉండాలి, ఖాళీ అయ్యాక తిరిగి రావాలి, ఎదురుగా వచ్చే ప్యాసింజరుకు దారి ఇవ్వడానికి లూప్ లైనులో ఆగాలి. ఒక్కసారి ఆ రుచి తగిలితే గుండ్రపు పట్టా మీదకు మళ్ళీ మనసు పోదు.

ఇంకో సంగతి. ఈ పని చేసినదానికి జవాబు వెంటనే చెబుతుంది. పట్టాల అతుకు దగ్గర అర మిల్లీమీటరు ఎత్తు తేడా ఉంటే రైలు పెట్టె పట్టా తప్పి పడిపోతుంది. ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది సరిచేస్తే రెండో నిమిషంలోనే సాఫీగా వెళ్ళిపోతుంది. చేసిన పని ఫలించిందో లేదో తెలియడానికి నెలలు పట్టే ఉద్యోగాలు చేసేవాళ్ళకు ఈ వెంటనే తెలియడం ఎంత హాయిగా ఉంటుందో ఇక్కడికి వచ్చాకే అర్థమవుతుంది.

ఇది పిల్లల ఆట కదా! నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంటుంది.

మొహమాటం అక్కర్లేదు. రాక్ గాయకుడు రాడ్ స్టీవర్ట్ రెండు దశాబ్దాలకు పైగా శ్రమించి 1940ల నాటి అమెరికా నగరాన్ని హెచ్‌ఓ స్కేలులో (అసలు దానిలో 87వ వంతు కొలతలో) కట్టుకుని 2019లో బయటపెట్టాడు. అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బు సభ్యులు తమ లేఅవుట్ (పట్టాలూ పరిసరాలూ అమర్చిన నమూనా) కింద టెలిఫోన్ రిలేలతో అల్లిన స్విచింగ్ వ్యవస్థ నుంచే కంప్యూటర్ల వైపు మళ్ళారు. ఇవాళ ప్రపంచమంతా వాడే ‘హ్యాక్’ అన్న మాట ఆ క్లబ్బువాళ్ళ సొంత నిఘంటువులో 1959లోనే ఉంది.

బొమ్మ రైలుకూ మోడల్‌కూ తేడా కొలతలో ఉంది. అసలు రైలులోని ప్రతి కొలతనూ ఒకే అంకెతో భాగించి చేసేది మోడల్. ఆ నిష్పత్తినే స్కేలు అంటారు. అందుకే దాని పక్కన నిలబెట్టిన మనిషి బొమ్మ తలుపులోంచి పట్టేలా ఉంటుంది.

ఏ స్కేలు ఎంచుకోవాలి?

హెచ్‌ఓ అంటే 1:87, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎక్కువ దేశాల్లో ఎక్కువ మంది వాడేది ఇదే, కాబట్టి విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. ఎన్ అంటే 1:160, పట్టాల మధ్య 9 మి.మీ. బ్రిటిష్ నమూనాలు ఎన్‌లో 1:148, జపాన్‌వి చాలావరకు 1:150. బ్రిటన్‌లో హెచ్‌ఓ బదులు ఓఓ నడుస్తుంది. పట్టా అదే 16.5 మి.మీ., బండి మాత్రం 1:76, అంటే కాస్త పెద్దది. హెచ్‌ఓ పెట్టెలూ ఓఓ పెట్టెలూ ఒకే పట్టా మీద పరుగెడతాయి గానీ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇంకా చిన్నది కావాలంటే 1972లో మార్క్‌లిన్ తెచ్చిన జెడ్ ఉంది, 1:220. తోటలో నడపాలంటే 45 మి.మీ. పట్టా మీద నడిచే జీ.

మా సలహా ఒక్కటే: చోటు చూసి కాదు, కళ్ళూ చేతివేళ్ళూ చూసి ఎంచుకోండి. నలభై దాటాక ఎన్ స్కేలు కప్లింగులు (పెట్టెలను కలిపే కొక్కాలు) విడదీయడం, చక్రాల మధ్య చిక్కుకున్న నూలుపోగు తీయడం కష్టమవుతుంది. చోటు తక్కువైతే లేఅవుట్ చిన్నది కట్టుకోవచ్చు గానీ చూపును పెద్దది చేసుకోలేం. కొనే ముందు రెండు స్కేళ్ళలోనూ ఒక్కో వ్యాగను చేతిలోకి తీసుకుని పట్టాల మీద పెట్టి చూడండి. అరనిమిషంలో తేలిపోతుంది.

గది మొత్తం ఇవ్వలేం. అల్మరా అంత చోటులో ఏం చేయగలం?

ఈ అభిరుచిలోని అసలు మజా అల్మరా అంత చోటులోనే పడుతుంది. బ్రిటన్‌కు చెందిన ఆలన్ రైట్ రూపొందించిన ఇంగ్ల్‌నూక్ షంటింగ్ యార్డు చూడండి. షంటింగ్ అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కావాల్సిన వరుసలో పెట్టడం. దీనికి రెండే పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే కదిలే పట్టాలు), మూడే లైన్లు. పొడవైన లైనులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజను అటూ ఇటూ తిరగడానికి ఉన్న ముందరి లైనులో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లు మాత్రమే పట్టాలి.

మొత్తం ఎనిమిది వ్యాగన్లు ఉంటాయి, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. ఒక్కోదానికి ఒక చీటీ రాసి డబ్బాలో వేయండి. ఐదు చీటీలు తీయండి. తీసిన వరుసలోనే ఆ ఐదు వ్యాగన్లనూ పొడవైన లైనులో నిలబెట్టాలి. ఆట అంతే. కానీ 8×7×6×5×4, అంటే 6,720 రకాల వరుసలు వస్తాయి. రోజుకొకటి ఆడినా పద్దెనిమిదేళ్ళకు పైగా పడుతుంది.

ఆడుతుంటే ఎలా ఉంటుందంటే: ఎర్ర ట్యాంకు వ్యాగను కావాలి, అది మూడోదిగా ఇరుక్కుని ఉంది. ముందున్న రెండింటినీ లాగి వేరే లైనులో పెడదామంటే అక్కడ ఇప్పటికే రెండున్నాయి, ఒక్కదానికే చోటు. కాబట్టి ముందు అక్కడి వాటిని కదపాలి, దానికి ముందు ఇంకొకటి. ఇంజను దగ్గరికొచ్చి టక్కుమని కప్లింగు తగిలిన చప్పుడు, నెమ్మదిగా వెనక్కి లాగడం, పాయింటు మార్చడం. పదిహేను నిమిషాలు ఎటు పోయాయో తెలియదు. ఆ కాసేపూ ఫోను గుర్తుకు రాదు.

కట్టేటప్పుడు జరిగే తప్పు కొలతలో. లైను పొడవును పాయింటు నాలుక దగ్గర్నుంచి కొలిస్తే తప్పు. పక్క లైనులో వెళ్ళే బండికి రాసుకోకుండా వ్యాగను నిలబడగలిగే చోటు నుంచి కొలవాలి. ముందరి లైను ఒక్క వ్యాగను మేర ఎక్కువైతే చిక్కుముడి తేలిపోతుంది, ఒక్క వ్యాగను మేర తక్కువైతే కొన్ని వరుసలు సాధ్యమే కావు. హెచ్‌ఓలో నలభై అడుగుల వ్యాగను 14 సెం.మీ., కప్లింగుతో 15. ఆ లెక్కన పలక 1.8 మీటర్ల పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉంటే చాలు. అదే ఎన్‌లో మీటరు పొడవులో అయిపోతుంది.

వేగం ఎంత ఉండాలి? నా రైలు బొమ్మలాగే పరుగెడుతోంది.

అసలు వేగాన్ని కూడా స్కేలుతో భాగించాలి. గంటకు 80 కి.మీ. వేగం హెచ్‌ఓలో సెకనుకు 25 సెం.మీ. కాస్త పైన, అంటే మీటరు దాటడానికి దాదాపు నాలుగు సెకన్లు. షంటింగులో గంటకు 10 కి.మీ. అనుకుంటే సెకనుకు 3 సెం.మీ. పైచిలుకు. ఒక మీటరు గుర్తు పెట్టుకుని గడియారం పట్టుకుని చూడండి. చాలామంది నడిపేది దీనికి రెండు మూడింతలు. సగానికి తగ్గించగానే అదే ఇంజను బరువెక్కినట్టు, అదే లేఅవుట్ రెండింతలు పొడవైనట్టు కనిపిస్తుంది. ఖర్చు లేకుండా వచ్చే మార్పుల్లో దీన్ని మించింది లేదు.

‘ఆపరేషన్’ అని అందరూ అంటుంటారు. అంటే ఏమిటి?

అసలు రైల్వేలా నడపడం. ప్రతి వ్యాగనుకూ ఒక కార్డు ఉంటుంది, దాంట్లో ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ సరుకు అన్నది రాసి ఉంటుంది. గూడ్సు బండి నడిపేవాళ్ళు ఆ కార్డుల కట్ట పట్టుకుని స్టేషను స్టేషనుకూ ఆగి, దింపాల్సినవి దింపి, ఎక్కించాల్సినవి ఎక్కించుకుని వెళ్తారు. ఇంకొకరు కంట్రోలరుగా కూర్చుని ఎవరు ఎక్కడ ఆగాలో చెబుతారు.

దీనికి వేగం పెంచిన గడియారం వాడతారు. పది కిలోమీటర్ల దూరం హెచ్‌ఓలో 115 మీటర్లవుతుంది. అంత పొడవు ఇంట్లో ఎవరికీ ఉండదు. స్టేషన్ల మధ్య పది మీటర్లుంటే రైలు కళ్ళు మూసి తెరిచేలోగా చేరిపోతుంది. కాబట్టి గడియారాన్ని నాలుగింతలో ఆరింతలో వేగంగా తిప్పుతారు. అప్పుడు టైమ్‌టేబుల్లో రాసిన పావుగంట ప్రయాణం నిజంగానే పావుగంటలా అనిపిస్తుంది. అయితే ఒక ఇబ్బంది ఉంది. షంటింగు వేగం పెరగదు. వ్యాగన్లు మార్చడానికి పట్టే ఐదు నిమిషాలు గడియారంలో అరగంటైపోతుంది. అందుకే షంటింగు ఎక్కువగా ఉన్న లేఅవుట్‌కు నాలుగింతలు దాటనివ్వకపోవడం మంచిది.

చేతిపని అలవాటు లేదు. సోల్డరింగ్ అంటే భయం.

భయం సహజమే గానీ ఇది పది అతుకులతో వచ్చేసే విద్య. పట్టాకు కరెంటు తెచ్చే ఫీడరు వైరును సోల్డరుతో, అంటే కరిగించిన లోహంతో, అతికించడం ఇలా. పట్టా బయటి పక్క అంగుళం మేర సన్నటి ఆకురాయితో మెరిసేదాకా రుద్దండి. సోల్డరు బాగా అంటుకునేలా చేసే రోజిన్ ఫ్లక్స్ కొద్దిగా పూయండి. ఆసిడ్ ఫ్లక్స్ వద్దు, అది మిగిలిపోయి ఏడాదికల్లా వైరును పచ్చగా తినేస్తుంది. పట్టా మీద ఒక చుక్క సోల్డరు, వైరు కొస మీద ఒక చుక్క, విడివిడిగా. తర్వాత వైరును పట్టాకు ఆనించి పైనుంచి ఐరన్ మొన నొక్కితే రెండు మూడు సెకన్లలో రెండు చుక్కలూ కరిగి ఒకటవుతాయి. ఐరన్ తీసేశాక వైరును ఇంకో ఐదు సెకన్లు కదపకండి. కదిపితే అతుకు గరుకుగా, పొడిపొడిగా మిగులుతుంది, లాగితే ఊడొస్తుంది.

అతుకుకు అటూ ఇటూ తడి దూది ముక్కలు పెడితే పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు (అడ్డ దిమ్మెలు) కరగవు. స్లీపర్లు కరిగేది ఐరన్ వేడి ఎక్కువై అని అందరూ అనుకుంటారు. నిజానికి చాలాసార్లు వాట్లు తక్కువై. 15 వాట్ల ఐరన్‌తో సోల్డరు కరగడానికి పదిహేను సెకన్లు నొక్కి ఉంచాలి, ఆలోగా వేడి పట్టా వెంట పాకిపోతుంది. 40 నుంచి 60 వాట్లది తీసుకోండి, పని త్వరగా ముగించండి. కిటికీ తెరిచి ఉంచండి, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

పెట్టెలు పదేపదే పట్టాలు తప్పుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక ప్రశ్న: ఏ పెట్టె అయినా ఒకేచోట పడుతోందా, ఎక్కడైనా ఒకే పెట్టె పడుతోందా? మొదటిదైతే తప్పు పట్టాది. రెండోదైతే తప్పు పెట్టెది. ఈ ఒక్క ప్రశ్న గంటల శ్రమ ఆదా చేస్తుంది.

పట్టాదైతే లైటు ఆర్పి, టార్చిని పట్టాల మట్టానికి పెట్టి పొడవునా చూడండి. మెలికలూ ఎత్తుపల్లాలూ నీడలతో బయటపడతాయి. అతుకు మీద గోరుతో గీకండి. గోరుకు అడ్డు తగిలితే చక్రానికీ తగులుతుంది. వంపులో అతుకు కోణంగా విరిగినట్టు కనబడితే, వంచే ఫ్లెక్సిబుల్ పట్టాలను వంచాక అతికించడమే కారణం. రెండు ముక్కలనూ నేరుగా పెట్టి సోల్డరు చేసి, ఆ తర్వాత కలిపి వంచాలి. ఎడమ వంపు అవగానే కుడి వంపు వస్తే మధ్యలో మీ పెట్టెల్లో అన్నిటికంటే పొడవైన దానంత నేరు పట్టా ఉండాలి. లేకపోతే పక్కపక్క పెట్టెల కొసలు చెరోవైపు తిరిగి, కప్లింగులు ఒకదాన్నొకటి పక్కకు లాగి పడేస్తాయి.

వంపు వ్యాసార్థం పొడవైన పెట్టెకు మూడింతలు ఉండాలన్నది నమ్మదగిన లెక్క. 85 అడుగుల ప్యాసింజరు బోగీ హెచ్‌ఓలో దాదాపు 30 సెం.మీ., కాబట్టి 90 సెం.మీ. వ్యాసార్థం కావాలి. స్టార్టర్ సెట్లలో వచ్చే 45 సెం.మీ. వంపు మీద ఆ బోగీలు పెట్టి బాధపడేవాళ్ళు ఎందరో. ఆ వంపుకు చిన్న వ్యాగన్లు, చిన్న ఇంజను కావాలి.

పెట్టెదైతే మూడు చూడాలి. మొదటిది బరువు. అమెరికాలో 1935లో ఏర్పడిన మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ ఇచ్చిన లెక్క ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు 28 గ్రాములు, ఆపైన పొడవులో అంగుళానికి 14 గ్రాములు. ఆరంగుళాల వ్యాగనుకు దాదాపు 113 గ్రాములవుతుంది. తక్కువైతే లోపల నేలకు దగ్గరగా నట్లు అతికించండి. పైకప్పుకు అతికిస్తే వంపులో తూలిపోతుంది. రెండోది చక్రాల జత లోపలి దూరం, హెచ్‌ఓలో సుమారు 14.4 మి.మీ. ఇది తగ్గితే పాయింటు క్రాసింగులో (పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట) చక్రం ఎక్కేస్తుంది. ఇరుసు మీద చక్రాన్ని మెలితిప్పుతూ జరిపి సరిచేయవచ్చు. మూడోది పెట్టె రెండు కొసల కిందా చక్రాలను మోసే చట్రాల మరలు. ఒక చట్రం పక్కలకు ఊగకుండా తిరిగేంత బిగుతుగా, రెండోది అన్నివైపులా కదిలేంత వదులుగా ఉండాలి. రెండూ బిగిస్తే ఎగుడుదిగుడు పట్టా మీద ఒక చక్రం గాలిలో ఉండిపోతుంది.

ఇంజను ఆగి ఆగి వెళ్తోంది.

నూటికి తొంభైపాళ్ళు మురికి అనుకోవచ్చు. చక్రానికీ పట్టాకూ మధ్య పుట్టే చిన్న నిప్పురవ్వలు నల్లటి పొర కట్టిస్తాయి. గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టాలూ చక్రాలూ తుడవండి. ఒక్క పట్టాలే తుడిస్తే చక్రాలకున్న మురికి గంటలో మళ్ళీ వాటికి పడుతుంది. గరుకు కాగితంతో రుద్దకండి, ఆ గీతల్లోనే రేపటి మురికి పేరుకుంటుంది. ప్లాస్టిక్ చక్రాల వ్యాగన్లు ఉంటే లోహపు చక్రాలకు మార్చండి.

తుడిచినా అదే చోట ఆగుతుంటే విద్యుత్తు చేరడం లేదు. పట్టాలను కలిపే చిన్న జాయినర్లు కొన్నాళ్ళకు వదులవుతాయి, వాటి మీద కరెంటు భారం వేయకూడదు. ప్రతి మీటరుకూ ఒక జత ఫీడర్లు, లేఅవుట్ కింద పొడవునా ఆ ఫీడర్లన్నిటికీ కరెంటు అందించే 2 చదరపు మి.మీ. మందం ఉన్న బస్ వైరు వేస్తే ఈ గొడవ ఉండదు. ఫీడరు 30 సెం.మీ.కు మించకపోతే సన్నటిదైనా సరిపోతుంది. రెండు పట్టాలకూ రెండు రంగుల వైర్లు వాడి, ఆ నియమం ఎక్కడా తప్పకండి.

డీసీయా, డీసీసీయా?

డీసీ (మామూలు డైరెక్ట్ కరెంట్) పద్ధతిలో పట్టాకిచ్చే వోల్టేజి మారిస్తే దాని మీదున్న ఇంజన్లన్నీ కదులుతాయి. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్)లో పట్టాలో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, ఆదేశాలు దాంతోపాటే వెళ్తాయి, ఏ ఇంజనులోని డీకోడరుకు (ఆ ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్‌కు) ఏ నంబరిస్తే అదే కదులుతుంది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి ఆధారంగా 1990లలో ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ దీన్ని ప్రమాణంగా చేసింది. ఒక్కరే ఒక్క ఇంజనుతో షంటింగు చేసుకుంటే డీసీ చాలు. ఇద్దరు కలిసి నడిపే ఆలోచన ఉంటే మొదటి రోజే డీసీసీ పెట్టుకోండి.

డీసీసీలో ఒక పరీక్ష తప్పనిసరి. లోహపు నాణేన్ని రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టండి. వెంటనే సప్లై కట్టవ్వాలి. లేఅవుట్‌లో ప్రతి మూలా ఇలా చూడండి. కట్టవకపోతే అక్కడ వైరు సన్నగా ఉన్నట్టు. రేపు నిజంగా షార్టయినప్పుడు ఆ కరెంటంతా ఇంజను చక్రాల మీదుగా పారి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది.

రైలు వెళ్ళి తిరిగి అదే లైనుకు వచ్చే లూపుల్లో ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్టవుతుంది, డీసీ అయినా డీసీసీ అయినా. లూపును రెండు కొసలా ఇన్సులేట్ చేసి, ఆ భాగం మీ పొడవైన రైలుకంటే పొడవుండేలా చూసుకోవాలి.

ఎత్తుకు ఎంత వాలు ఇవ్వొచ్చు?

రెండు శాతం. నాలుగు దాటితే చాలా ఇంజన్లు నాలుగైదు పెట్టెలతోనే జారతాయి. 10 సెం.మీ. పైకెక్కడానికి రెండు శాతం మీద ఐదు మీటర్లు కావాలని ముందే లెక్కేసుకోండి.

కంకర వేశాక అంతా గుంటలు పడింది, పాయింటు బిగుసుకుపోయింది. ఎందుకు?

తడపకుండా జిగురు వేశారు. పొడి కంకర మీద పడిన జిగురు చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడి, రేణువుల్ని తనతో ఈడ్చుకుపోతుంది. ముందు కంకరను మెత్తటి కుంచెతో స్లీపర్ల మధ్యకు సర్ది, పట్టాల లోపలి అంచుకు అంటినవి తీసేయండి. గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు కలిపిన నీళ్ళను పొగమంచులా కొద్ది ఎత్తు నుంచి చల్లి బాగా తడవనివ్వండి. తర్వాత వడ్రంగులు వాడే తెల్ల జిగురు ఒక పాలు, నీళ్ళు ఒక పాలు కలిపి డ్రాపరుతో వేయండి. జిగురు తెల్లగా లోపలికి ఇంకిపోవడం కళ్ళకు కనిపించాలి. రాత్రంతా ముట్టుకోవద్దు.

పాయింటు నాలుకల దగ్గర కంకర పలచగా వేసి, కదిలే కడ్డీ చుట్టూ అసలు వేయకండి. ఆరే ఒకటి రెండు గంటలూ పది నిమిషాలకోసారి పాయింటు అటూ ఇటూ మార్చండి. అప్పటికే బిగుసుకుంటే కంగారు పడకండి, తెల్ల జిగురు నీళ్ళతో తడిపితే మెత్తబడుతుంది.

కొత్త పెట్టెలకు మురికి రంగు పూయడం ఏమిటి?

అసలు వ్యాగను ఎలా మాసిపోతుందో తెలుసుకునే పని అది. బ్రేకుల ఇనుప ధూళి చక్రాల చుట్టూ గోధుమ రంగులో పేరుకుంటుంది. వాన నీళ్ళు తలుపు కీళ్ళ నుంచి నిలువుగా తుప్పు చార దించుతాయి. సిమెంటు వ్యాగను మీద తెల్లటి ధార మూత దగ్గర్నుంచే మొదలవుతుంది. ఫోటోలు చూసి చేయండి, ఊహించి చేయకండి. బాగా పలచన చేసిన రంగు పూసి, నిమిషంలోపు తడి గుడ్డతో పైనుంచి కిందికి తుడిస్తే సందుల్లో మాత్రమే మిగులుతుంది. కొన్నాళ్ళు ఈ పని చేసినవాళ్ళు గేటు దగ్గర రైలుకోసం ఆగినప్పుడు విసుక్కోరు. పోయే ప్రతి వ్యాగనునూ చదువుకుంటారు. ఈ అభిరుచి ఇచ్చే వాటిలో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ చూపే.

ఒంటరిగా చేసుకునే పనేనా?

ఇష్టమైతే ఒంటరిగా, లేకపోతే పదిమందితో. మాడ్యూళ్ళ పద్ధతిలో ఒక్కొక్కరూ ఒక ముక్క కట్టి తెచ్చి కలుపుతారు. దీనికి కొసల దగ్గర పట్టాల స్థానం, ఎత్తు, వైర్ల కనెక్టరు అందరివీ ఒకేలా ఉండాలి. బల్ల మీద పెట్టే చిన్న ఎన్ స్కేలు ముక్కలకు టీ-ట్రాక్, పెద్ద హెచ్‌ఓ ముక్కలకు ఫ్రీ-మో అనే ప్రమాణాలు ప్రచారంలో ఉన్నాయి. మాట కలపడం కష్టమనిపించేవాళ్ళకు ఇది మంచి చోటు. చేతిలో పని ఉంటుంది, ఎదుటివాళ్ళను అడగడానికి విషయం ఉంటుంది.

ఇది ఎప్పటికి పూర్తవుతుంది?

కాదు. అలా కాకూడదనే కోరుకుంటారు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ కట్టిన గోరీ అండ్ డిఫీటెడ్ ఈ అభిరుచిలో ఎన్నటికీ మరవని లేఅవుట్. నేల నుంచి కప్పు దాకా కొండలు, వంతెనలు. 1973 జనవరిలో ఆయన చనిపోయే నాటికి ప్రధాన లైను పని ఇంకా నడుస్తూనే ఉంది. కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది.

పూర్తవదు కాబట్టి మొదటి నుంచీ చిన్న చిన్న పనులుగా విడగొట్టుకోండి. ఒక సాయంత్రానికి ఒక పని: నాలుగు ఫీడర్లు, ఒక వ్యాగను బరువు, గుప్పెడు కంకర. దేన్నీ చేతికి అందని చోట కట్టకండి. అంచు నుంచి 75 సెం.మీ. దాటితే పడిన పెట్టెను ఎత్తలేం. సొరంగంలో పట్టా పెడితే వెనక నుంచి చెయ్యి దూరే తలుపు కూడా పెట్టండి. రైలు ఆగేది సరిగ్గా అక్కడే.